బందరు అద్దకము – జపాను ఆదరము



గవర్నరుపేట ప్రక్కనుండి సాగిపోవు బందరు రోడ్డును ఎఱుగనివారు మన ప్రాంతమున లేరు. ఆ దారి బందరులో ముగియునని మన మనుకొందుము. మూడువందల యేబది యేండ్ల క్రిందట అది అచ్చట ముగిసెడిది కాదు. గోలకొండనుండి బెజవాడమీదుగా వచ్చిన సరకు బందరు రేవున ఓడ నెక్కి, జావాద్వీపమందలి బతావియా చేరి, అచ్చటనుండి జపాను దేశపు నగసాకి రేవువఱకును పోయెడిది. ఆ సరకులలో మన తీరమున అద్దిన నూలుబట్టలు ముఖ్యమైనవి. ఆ బట్టల నా దేశమువా రెట్లు ఆదరించిరో, వాని వెనుకనున్న విద్యను మన మెట్లు చేజార్చుకొంటిమో నేడు మీకు మనవిచేయుదును.

టోకియో నగరమందలి జాతీయ వస్తు ప్రదర్శనశాలలో ‘హికొనె సరసా’ యను పేర ఒక సంగ్రహ మున్నది. అందు నన్నూటయేబది గుడ్డముక్కలు కలవు. హికొనె సంస్థానము నేలిన ప్రభువులయింట దాచబడి వచ్చిన వవి. పట్టుబట్టలు గావు, జరీచీరలు గావు. రంగులద్దిన నూలుబట్టల తునుకలు. వానిలో పెక్కులు హిందూదేశమునుండి పోయినవి. ఒక సంస్థానాధీశుని యింట నూలుగుడ్డ పేలికలు భద్రపఱచుట మనకు వింతగా దోచును. ‘సరసా’ యనగా ఆ దేశమువారి వాడుకలో అద్దకపుబట్ట. అది మన ‘సరస’ శబ్దమువలె వినబడును. అది సముద్రవర్తకుల నోట ఆ దేశమునకు చేరిన మాట.

ఈ బట్ట లచ్చటి కెట్లు చేరెను? 1602 లో హాలండు దేశమున ఒక గొప్ప వర్తకసంఘ మేర్పడెను. వారినే మనవారు డచ్చివారనిరి. వారు కోరినవి లవంగములు, జాజికాయలు, మిరియములు. ఆ సుగంధద్రవ్యములు పండు ద్వీపములలోని ప్రజలు వానికి మాఱుగా మన కోరమండల తీరపు బట్టలను ఎక్కువగా కోరుచుండిరి. కావున డచ్చివారు 1605 లో బందరునకు వచ్చిరి. గోలకొండ కుతుబుషాహీల యేలుబడిలో అది అప్పటికే పెద్ద రేవు. మఱుసటి యేడు పేటబోలిలో, అనగా నేటి నిజాంపట్టణమున, వర్తకశాల నెలకొల్పిరి. 1609 లో జపానులోని హిరదో రేవున మఱియొకటి తెఱచిరి. 1641 లో జపాను ప్రభువులు వారిని నగసాకి యొడ్డున గల దెజిమా యను చిన్న దీవికి మార్చిరి. విసనకఱ్ఱ ఆకారమున మట్టిపోసి కట్టిన దీవి యది. అటుపైని రెండువందల యేండ్లకు మించి యూరపువారిలో డచ్చివా రొక్కరికే, ఆ యొక్క దీవిలోనే, జపానులో వర్తకము చేయు సెల వుండెను. అనగా మన బట్ట జపానునకు పోవలెనన్న ముఖ్యమైన వాకిలి యదియే.

బట్టకు బదులుగా మనకేమి వచ్చినదని మీ రడుగవచ్చును. జపానునుండి డచ్చివారు మొదట వెండిని తెచ్చిరి. 1668 లో ఆ దేశపు ప్రభువులు వెండి యెగుమతిని నిషేధించిరి. తరువాత రాగి కడ్డీలే ముఖ్యమైనవి. బంగారు నాణెములు గూడ వచ్చి, మన తీరమున కరగి వరహాలైనవి. ఆ రాగిలో కొంత మన టంకశాలలకును, కొంత మన కంచరుల కొలుములకును పోయినది. ఆ కాలపు ఆంధ్రగృహములలో నీరు కాచిన రాగిబిందెలలో జపాను గనుల రాగి కలిసియుండుట అసంభవము గాదు. ఇక్కడి నేతగాని మగ్గమునకు అక్కడి గనికి ఇట్టి లంకె యుండినది.

ఇక ఆ బట్టను మనవా రెట్లు చేసిరో చూతము. నేటికిని బందరు ప్రక్కనున్న పెడనలో ఈ పని సాగుచున్నది గనుక, మీలో పలువు రిది కన్నులార చూచియుందురు. మొదట నూలుబట్టను పేడనీళ్ళలో నానబెట్టి, ఉదికి, ఎండవేసి తెలుపు చేయుదురు. తరువాత కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరవేయుదురు. కరక్కాయ వగరు రంగును పట్టును. పాలలోని క్రొవ్వు రంగును ప్రక్కకు ప్రాకనీయదు. పిమ్మట కొయ్య అచ్చుతో అద్దకము. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో దినములతరబడి నానవేసి తీసిన కసిమి కరక్కాయ పట్టిన బట్టపై తగులగానే నల్లనగును. ఎఱుపు కావలసినచోట పటికనీ రద్దుదురు. పటిక యద్దినచోట కంటికి ఎఱుపు కనబడదు. బట్టను పాఱుడు నీటిలో ఉదికి, చిరివేరు వేసి కాచినప్పుడు, పటిక యున్నచోటనే ఎఱుపు వెలికి వచ్చును. నీలము వేయుటకు పూర్వులు బట్టయంతయు మైనము పూసి, నీలము కావలసిన తావు మాత్రము విడిచి, నీలికుండలో ముంచెడివారు.

చిరివేరు మన సముద్రతీరపు ఇసుకనేలలలో పెరుగు చిన్నమొక్క వేరు. ఆల్చిప్పల సున్నము కలసిన నేలలో పెరిగిన వేరు చిక్కని ఎఱుపు నిచ్చునని ప్రతీతి. పేటబోలి ప్రాంతపు ఎఱుపు అందఱికంటె మేలని విదేశవర్తకులు పేర్కొనిరి. ఉదికినకొలది కాంతి హెచ్చు రంగు ఆ కాలపు యూరపులో పెక్కుమందికి తెలియదు. జపానులోను తెలియదు. చక్కని పట్టును, రంగులద్దు పలు నేర్పులును వారికి కలవు. కాని నూలుబట్టకు ఇట్టి చెరగని ఎఱుపు పట్టించుట క్రొత్త.

అందుచేత జపానువారు మన బట్టను చూచి మెచ్చిరి. మెచ్చిన తీరే వినదగినది. ఆ దేశమున తేనీరు త్రాగుట ఒక ఆచారముగా, తపస్సుగా పెరిగినది. 1591 లో మరణించిన సెన్ నో రిక్యూ యను నాతడు దాని కొక నిరాడంబరమైన రూపు నిచ్చెను. చిన్న గుడిసెవంటి గది, మట్టిగిన్నె, వెదురు గరిటె, ఒక పూవు. కొన్ని వేళల తేనీటికి ముందు మితమైన భోజనము. అందు వాడు ప్రతి వస్తువునకును గౌరవ మున్నది. తేయాకుపొడి యుంచు చిన్న బరిణెకు గుడ్డసంచి కుట్టుదురు. గిన్నెలను పెట్టెలో పెట్టుటకు ముందు గుడ్డలో చుట్టుదురు. ఆ సంచులకును చుట్టుగుడ్డలకును సరసా మిక్కిలి తగినదని వా రెంచిరి. మన పెద్దలు భాగవతపు తాళపత్రములను ఎఱ్ఱని గుడ్డలో చుట్టి, తీసినప్పుడెల్ల కన్నుల కద్దుకొనెడివారు గదా! అట్టి భావమే యిదియును.

సరసా అచ్చట ఖరీదైన వస్తువు. కావున చిన్నముక్కయైనను పాఱవేసెడివారు గారు. పెద్దబట్ట చినిగిన సంచి యగును; సంచి చినిగిన పొగాకుతిత్తి యగును; మిగిలిన పేలికను పుస్తకమున అంటించి మాదిరిగా నుంచుకొందురు. పగిలిన గిన్నెను లక్కతో అతికి, అతుకుపై బంగారుపొడి చల్లి వాడుకొను దేశ మది. పగులును దాచరు. మన యవ్వలు పాతచీరలతో బొంతలు కుట్టిన పొదుపునకు ఇది దూరపు చుట్టము.

వర్తకులు పట్టుబట్టలు ధరింపరాదని అప్పుడప్పుడు ప్రభుత్వము శాసించుచుండెను. అందుచే ధనవంతులు పైకి సాదా వస్త్రము దాల్చి, లోపలి అంచున సొగసైన బట్టను కుట్టించుకొనెడివారు. లోదుస్తులకును సరసాను వాడిరి. పైవానికి కనబడని అందము దాల్చినవానికి మాత్రము తెలియును.

ఇంకొక విశేషము. జపానువారికి పూవులు ఋతువులతో ముడిపడినవి. వసంతమున చెఱ్ఱీపూలు విరియగానే జనులు చెట్లక్రింద కూర్చుండి భుజింతురు. శరత్తున చామంతులను మెచ్చుకొందురు. వస్త్రముపై పూవు గూడ ఋతువునకు తగియుండవలెను. చామంతిచీర చైత్రమున కట్టిన నవ్వుదురు. మన అద్దకపు పూలతీగెలైతే ఏ తోటలోను పూచినవి గావు. మనవారి ఊహలో పూచినవి. అందుచే సరసా ఏ ఋతువునందైన దాల్చదగినదని వారి వాడుక. కృష్ణాతీరపు పూవునకు వాడుట లేదన్నమాట.

మన తీరపు పేర్లును వారి భాషలో నిలిచినవి. చారలు గల యొక నూలుబట్టను వారు ‘సంతొమె’ యందురు. అది చెన్నపట్టణముచెంత మైలాపూరులోని శాన్ తోమె పేరు. ‘బెంగర’ చారలు వంగదేశమువి.

మెచ్చి ఊరకుండక వారు నేర్చుకొనజూచిరి. 1778 లో సరసా రీతులను చూపు నొక పుస్తకము అచ్చైనది. చిరివేరును పటిక మర్మమును వారికి చిక్కలేదు. కాని పచ్చిపండు రసము పట్టించిన కాగితమును చెక్కి, ఆ చెక్కడముమీదుగా రంగు పూసి, తమదైన సరసాను చేసిరి. నబెషిమ ప్రభువుల సంస్థానములో కొయ్యఅచ్చును కాగితపుచెక్కడమును కలిపి యొక పద్ధతి పెంపొందినది. అది నశించి, ఇరువదవ శతాబ్దమున పాత ప్రతుల నాధారముగా మరల బ్రతికినది.

మనవైపు కథ వేఱు. 1687 లో గోలకొండ పడిపోయెను. రేవు క్రమముగా సన్నగిల్లెను. 1700 లో ఇంగ్లండు తన దేశమున అద్దకపుబట్టల దిగుమతిని నిషేధించెను. తరువాత అదే దేశపు యంత్రముల బట్ట మనపై వచ్చి పడెను. 1825 లో డచ్చివారి స్థానములు ఇంగ్లీషువారి పాలైనవి. బందరులో డచ్చివారి సమాధులు మిగిలినవి. 1864 నవంబరు 1 వ తేదీ రాత్రి సముద్రము పొంగి బందరును ముంచెను. ముప్పదివేలమంది మరణించిరని లెక్క. 1868 లో జర్మనీ శాస్త్రజ్ఞులు ఎఱుపురంగును కృత్రిమముగా చేయ నేర్చిరి. ఆ రంగు వచ్చినపిదప చిరివేరు త్రవ్వువారు తగ్గిపోయిరి. ఒక వేరుతో తరతరముల తెలివియు నేలలోనే యుండిపోయినది.

జపానును మెచ్చుట యేమని కొందఱు వృద్ధు లనవచ్చును. 1942 ఏప్రిలు 6 వ తేదీన ఆ దేశపు విమానములు విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు వేసిన మాట నిజము. ఆనాడు మన ఊళ్ళు ఖాళీ యైన సంగతి మీ పెద్దలు చెప్పగా వినియుందురు. దానిని నేను మఱచి చెప్పుట లేదు. ఒక దేశపు సేనలు చేసిన చెడుగును నిందించుచునే, అదే దేశపు గృహస్థుడు మన గుడ్డపేలికను దాచిన శ్రద్ధను గుర్తింపవచ్చును. ఆ శ్రద్ధయు ఆ దేశమంతట ఎల్లకాలము నిలువలేదు. 1868 తరువాత యంత్రములు వచ్చి, వారి చేతిపనులును క్షీణించినవి. కాని వారు 1950 లో ఒక చట్టము చేసి, ప్రాచీన వస్తువులనే గాక చేతిపని నెఱిగిన మనుష్యుని విద్యను గూడ దేశపు ధనముగా లెక్కించిరి. 1955 నుండి అట్టి నిపుణులను పేరుపేరున గౌరవించుచున్నారు; శిష్యులకు నేర్పుటకు ధనమును ఇచ్చుచున్నారు.

మన దేశమునను ప్రయత్నము జరుగకపోలేదు. 1952 లో అఖిలభారత హస్తకళల మండలి ఏర్పడెను. కమలాదేవీ ఛటోపాధ్యాయ కృషిచేత బందరు అద్దకము మరల ఊపిరి పోసికొన్నది. పెడనలో నేటికిని అచ్చు చెక్కువారు, అద్దువారు, కాలువలో ఉదుకువారు ఉన్నారు. అయితే రసాయనపు రంగుతో తెఱపై అచ్చువేసిన బట్ట కలంకారి పేరుతోనే అంగళ్ళలో తక్కువ వెలకు దొరకుచున్నది. చూపునకు రెండు నొకటే. ఎన్నో పర్యాయము లుదికి, ఎండవేసి, కాచి అద్దినవాని కూలి యీ పోటీలో నిలుచుట కష్టము. కాలువనీ రెండినను, మురికియైనను అతని పని యాగును. ఏలయన పాఱుడు నీరు లేనిదే ఈ రంగు లేదు.

కావున గ్రామములలోని పెద్దలకు నా మనవి రెండు మాటలు. మీ యిండ్ల పాతపెట్టెలలో అవ్వలు కప్పుకొన్న అద్దకపు దుప్పటియో, పుస్తకము చుట్టిన గుడ్డయో యున్నచో, పాతదని పాఱవేయకుడు. అది ఏ యూర అద్దినదో, ఆ రంగు దేనితో చేసిరో తెలిసినంత పిల్లలకు చెప్పుడు. మఱియు పెండ్లికో పండుగకో బట్ట కొనునప్పుడు, ఇది అచ్చుతో అద్దినదా తెఱతో వేసినదా యని అంగడివాని నొక్కమా టడుగుడు. అడుగువారున్నంతకాలము చేయువా రుందురు.

నన్నూటయేబది పేలికలు టోకియోలో భద్రముగా నున్నవి. వానిని చేసిన చేతి నేర్పు బందరు రోడ్డు చివర ఇంకను బ్రతికి యున్నది. దానిని కాపాడుకొనుట మనపని.