సీ షిఫ్టు పగళ్లలో యుగంధర్

నాన్న సీ షిఫ్టు దిగి పొద్దున్న ఆరున్నరకల్లా సైకిలు మీద ఇంటికొచ్చేవారు. స్నానం చేసి, చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని తిని, కిటికీకి దుప్పటి కట్టించుకుని పడుకునేవారు. ఇక మధ్యాహ్నం రెండు దాకా జంషెడ్‌పూర్ కదమాలోని మా రెండు గదుల క్వార్టర్లో గిన్నె చప్పుడు కాకూడదు. ఆ ఏడు గంటల్లోనే మా అమ్మ డిటెక్టివ్ నవలలు చదివేది. తనొక్కతే చదువుకునేది కాదు. వెనక వరండాలో నలుగురు ఆడవాళ్లని చుట్టూ కూర్చోబెట్టుకుని పైకి చదివేది. నాన్న లేస్తారని గొంతు తగ్గించి చదివేది. హత్య కథని గుసగుసగా వింటే ఎలా ఉంటుందో నాకు ఎనిమిదో ఏటే తెలిసింది. 1965 నాటి మాట.

ఆ నలుగురిలో ఇద్దరికి చదువు రాదు. ఒకామెది టెక్కలి దగ్గర పల్లె, ఇంకొకామెది సోంపేట వైపు. బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేవారు. కథ బిగిసినప్పుడు చేట మీద చేతులు ఆగిపోయేవి. అమ్మ పేజీ తిప్పే లోపల ఎవరో ఒకరు "ఉండప్పా, ఉండు, ఆ తలుపు ఎవుడు తీసినాడు?" అని అడిగేవారు. అమ్మ వెనక్కి వెళ్లి మళ్లీ చదివేది.

జంషెడ్‌పూర్ తెలుగువాళ్ల కథ చెప్పమంటే మా ఊళ్లో అందరూ బిష్టుపూర్ రామమందిరంతో మొదలుపెడతారు. తర్వాత కదమాలో ఆంధ్రా అసోసియేషన్, నాటకాలు, శ్రీరామనవమి పందిళ్లు. అవన్నీ నిజమే, చెప్పుకోవలసినవే. కానీ వెనక వరండాలో ఏం చదివారో, చదివి ఏమనుకున్నారో ఎవరూ చెప్పరు. నాకు తెలిసినంతవరకు అదీ ఒక చరిత్రే. అది పోకముందే కాగితం మీద పెట్టాలని ఇది రాస్తున్నాను.

టాటాలు 1907లో కంపెనీ పెట్టారు. 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు పోశారు. సాక్చి అనే పల్లె 1919లో జంషెడ్‌పూర్ అయింది, కాళీమాటి స్టేషను టాటానగర్ అయింది. మా శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి మాత్రం రెండూ 'టాటా'యే. "మా అల్లుడు టాటాలో ఉన్నాడు" అంటే ఊరూ ఉద్యోగమూ ఒక్క మాటలో చెప్పేసినట్టు. పలాసలోనో నౌపడలోనో హౌరా వైపు బండెక్కి, ఖరగ్‌పూర్లో దిగి, ఇంకో బండి పట్టుకుంటే టాటా. మా పుస్తకాలూ అదే దారిన వచ్చేవి. టాటానగర్ ప్లాట్‌ఫాం మీద వీలర్ వాళ్ల స్టాల్లో హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు పుస్తకాలే నాకు గుర్తు. తెలుగు నవల కావాలంటే సెలవుకి ఊరెళ్లిన వాళ్లు ట్రంకుపెట్టెలో, ఆవకాయ జాడీకి ఎడంగా సర్దుకుని తేవాలి. లేదా విజయవాడ నుంచి వీపీపీలో తెప్పించుకోవాలి. మూడో దారి మా పెదనాన్న. ఆయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. ఖరగ్‌పూర్ కూడా సగం తెలుగు ఊరే కాబట్టి అక్కడ పుస్తకాలు చేతులు మారుతుండేవి. చదివేసినవి ఆయన మూట కట్టి, ఇటొచ్చే వాళ్లెవరి చేతిలోనో పెట్టేవారు. వాటి మీద పసుపు, నూనె మరకలు, ఇంకెవరి ఇంటి పేర్లో ఉండేవి.

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చినవి కొమ్మూరి సాంబశివరావు నవలలు. ఆయన 1926లో పుట్టి 1994లో పోయారు. ఆయన డిటెక్టివ్ యుగంధర్ మద్రాసులో ఉంటాడు. అసిస్టెంట్ రాజు. పోలీసుల తరపున ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. క్రిస్లర్ కారు. బిష్టుపూర్ మెయిన్ రోడ్డు మీద పెద్ద కారేది కనబడినా నేను అదే క్రిస్లర్ అనుకునేదాన్ని. కొమ్మూరి వాక్యం పొట్టిది. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, గడియారం ఎంత చూపిస్తోందో చెప్పి ముందుకి నడుస్తుంది. గట్టిగా చదివి వినిపించడానికి అంతకన్నా వీలైన తెలుగు నేను ఎరగను. పెద్ద పత్రికల్లో ఆయన మీద సమీక్షలు మా ఇంటి దాకా ఒక్కటీ రాలేదు. కవిత్వానికి, సాంఘిక నవలకి ఉన్న పీట డిటెక్టివ్ నవలకి వెయ్యలేదు. ఆరుద్ర అంతటి కవి కూడా డిటెక్టివ్ నవలలు రాశారన్న సంగతి నాకు ఆయన పద్యాలు చదివిన చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. తెలిసిన రోజు చాలా సంతోషించాను.

ఈ రకం నవల మనకి ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిస్తే మా వరండా ఇంకోలా కనిపిస్తుంది. కలకత్తా పోలీసుల్లో డిటెక్టివ్‌గా పనిచేసిన ప్రియనాథ్ ముఖోపాధ్యాయ్ 1890లలో తన కేసులనే కథలుగా 'దారోగార్ దప్తర్' పేరుతో అచ్చువేశాడు. ఆయన వెనకే పాంచ్‌కొడి దే వచ్చి 'మాయావి', 'నీలవసన సుందరి' లాంటి నవలలతో బెంగాల్‌ని ఊపేశాడు. అవి ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లోనే తెలుగుతో సహా ఎన్నో భాషల్లోకి వెళ్లాయి. తెలుగులో తొలి డిటెక్టివ్ నవలగా చాలామంది చెప్పే 'వాడే వీడు', దేవరాజు వేంకటకృష్ణారావు రాసినది, ఆ కాలానిదే. అప్పుడు దీన్ని 'అపరాధ పరిశోధక' నవల అనేవారు. అంటే కలకత్తా నుంచి హౌరా లైను వెంట తెలుగు దేశానికి దిగిన కథ, అరవై ఏళ్ల తర్వాత తెలుగు కూలీల ట్రంకుపెట్టెల్లో మళ్లీ అదే లైను మీద పైకి ఎక్కింది. ఎక్కి, ఒక బెంగాలీ ఇంటి పక్క గోడ దగ్గర ఆగింది.

ఆ గోడ అవతల ఉన్నావిడని మేము బౌది అనేవాళ్లం. ఆవిడ మా అమ్మని దిది అనేది. గోడ ఎంత పల్చనిదంటే, మా ఇంట్లో పోపు వేస్తే వాళ్లింట్లో తుమ్మేవారు. వరండాలో అమ్మ గుసగుసలు ఆవిడకి వినబడేవి, భాష అర్థమయ్యేది కాదు. ఒకరోజు గోడ మీంచి అడిగింది, "రోజూ ఏం మంత్రం చదువుతావు దిది?" అని. అమ్మ తనకొచ్చిన హిందీలో, మధ్యమధ్య బెంగాలీ తగిలించి, యుగంధర్ కథ చెప్పింది. బౌది సగంలోనే హంతకుణ్ని పట్టేసింది. మర్నాడు ఆవిడ వంతు. శరదిందు బందోపాధ్యాయ్ 1932 నుంచి రాసిన బ్యోమకేశ్ కథలు చెప్పడం మొదలుపెట్టింది. అమ్మ "డిటెక్టివా?" అంటే బౌది తల అడ్డంగా ఊపి, "గోయెందా కాదు, సత్యాన్వేషి" అంది. ఆ మాట అమ్మకి విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. తర్వాత చాలా రోజులు అమ్మ యుగంధర్ని కూడా సత్యాన్వేషి అనే అంది.

అమ్మ దగ్గర ఒక చాకలిపద్దు పుస్తకం ఉండేది. ముందు నుంచి దుప్పట్లు, చొక్కాలు. వెనక నుంచి నవలలు. పేరు, ఎవరు తెచ్చారు, ఎన్నాళ్లు పట్టింది, చివరన ఒక మాట. ఆ మాటలు మూడే: 'ముందే తెలిసిపోనాది', 'తెలీనేదు, బాగుంది', 'మోసం'. అన్నిటికన్నా ఘోరమైన తీర్పు 'మోసం'. హంతకుడు ఆఖరి పదిపేజీల్లో కొత్తగా ఊడిపడితే మోసం. డిటెక్టివ్ ఏదో చూసి జేబులో వేసుకుని, అదేమిటో మనకి చెప్పకుండా చివర్లో బయటికి తీస్తే మోసం. చాలా ఏళ్ల తర్వాత నేను చదివాను, ఇంగ్లండులో రొనాల్డ్ నాక్స్ అనే పాద్రీ 1929లో డిటెక్టివ్ కథకి పది సూత్రాలు రాశాడని. నేరస్తుడు కథ మొదట్లోనే కనబడాలన్నది మొదటిది. దొరికిన ఆధారాన్ని పాఠకుడికి చూపించాలన్నది ఇంకొకటి. అమ్మకి ఆయన పేరు తెలియదు. అయిదో తరగతి చదివింది. బియ్యం ఏరుకునే వాళ్లతో కూర్చుని, అన్యాయం జరిగినప్పుడల్లా కోపం తెచ్చుకుంటూ, ఆ సూత్రాలు తనే కట్టుకుంది. విమర్శ అంటే నాకు ఈనాటికీ ముందు గుర్తొచ్చేది ఆ చాకలిపద్దు.

ఒకసారి ఖరగ్‌పూర్ మూటలో వచ్చిన నవలకి ఆఖరి ఫారం లేదు. పదహారు పేజీలు ఊడిపోయాయి. మూడు రోజులు చదివాక ఆ సంగతి బయటపడింది. సోంపేట ఆవిడ చేట కింద పెట్టేసింది. అమ్మ కాసేపు ఊరుకుని, "కావలసినవన్నీ ఇప్పటికే చెప్పీసుండాల, మనమే చూద్దుం" అంది. ఆ వారమంతా అదే పని. ఎవరు ఎక్కడున్నాడు, ఎవరి మాట ఎవరి మాటతో కలవలేదు. గోడ మీంచి బౌది కూడా వచ్చి చేరింది. అక్షరం ముక్క రాని టెక్కలి ఆవిడ తేల్చింది: నూతి దగ్గరకెళ్లి నీళ్లు తోడుకున్నానని చెప్పినవాడే, ఎందుకంటే అంతకు ముందు పేజీల్లో చేంతాడు పొడిగా ఉందని రాశాడు. రోజూ నీళ్లు మోసే మనిషి కనక ఆవిడకది చెవిని పడింది, మిగతా అందరూ వదిలేశారు. అమ్మ పెదనాన్నకి కార్డు రాసింది. నెల తర్వాత జవాబొచ్చింది, ఒక్క పేరుతో. టెక్కలి ఆవిడ చెప్పిన పేరే. ఆ రాత్రి అమ్మ ఆవిడ ఇంటికి అరిసెలు పంపింది.

డెబ్బైలు వచ్చేసరికి మా తమ్ముడు పెద్దవాడయ్యాడు. వాడు బళ్లో హిందీ చదివాడు, తెలుగు అక్షరాలు కూడబలుక్కునేవాడు. వాడికి తెలుగు చదవడం నేర్పింది వాచకం కాదు, మధుబాబు షాడో నవలలు. షాడో కోసం, బిందు కోసం, గంగారాం కోసం వాడు రాత్రుళ్లు వీధిదీపం కింద కూర్చుని ఒత్తులు గుణింతాలు దారిన పెట్టుకున్నాడు. అమ్మకి షాడో నచ్చలేదు. "ఇందులో ఆలోసించడానికి ఏటుంది, పరిగెట్టడమే గదా" అనేది. నేను ఆవిడతో ఒప్పుకోను. ఇంటి భాష కళ్లముందు జారిపోతున్న పిల్లల్ని పట్టి ఆపిన పుస్తకాలవి. మా వీధిలో షాడో చదవని మగపిల్లలు తర్వాత తెలుగు చదవనేలేదు. వాళ్లంతా హిందీలో సురేంద్ర మోహన్ పాఠక్ క్రైం నవలల వైపు వెళ్లిపోయారు, 1977లో '65 లాఖ్ కీ డకైతీ' వచ్చాక మరీను. అది మంచి నవలే. కానీ ఆ ఇళ్లలో తల్లులు తెచ్చుకున్న తెలుగు పుస్తకాలు అటక మీదే చెదలు పట్టాయి.

1993లో దూరదర్శన్లో బాసు చటర్జీ తీసిన 'బ్యోమకేశ్ బక్షీ' వచ్చింది. రజిత్ కపూర్ ధోతీ సర్దుకుంటూ తెర మీదికి రాగానే బౌది మా ఇంట్లోనే చాప మీద కూర్చుంది. కథలన్నీ అమ్మకి ముందే తెలుసు, గోడ మీంచి విన్నవే. అయినా ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని చూశారు. కొన్నేళ్లకి నాన్న రిటైరయ్యారు, క్వార్టరు అప్పజెప్పాలి. మేము సువర్ణరేఖ అవతల మాన్‌గోలో ఇల్లు కట్టుకున్నాం. బౌది వాళ్లు కలకత్తా వెళ్లిపోయారు.

బళ్లో పాఠాలు చెప్పడం మానేశాక నేను కొత్త క్రైం నవలల మీద రాయడం మొదలుపెట్టాను. తెలుగులో కొమ్మూరి, మధుబాబు మళ్లీ అచ్చవుతున్నారు, అందుకు సంతోషమే. కొత్తవాళ్లనీ వెతుక్కుని చదువుతున్నాను. నాకు ఒక వెలితి ఉంది. నేను చదివిన తెలుగు డిటెక్టివ్ నవలల్లో హత్య ఎప్పుడూ లక్షాధికారి బంగళాలోనే. ఫర్నేసు వెలుగులో రాత్రి ఎర్రబడే ఆకాశం కింద, షిఫ్టు మారే వేళ, వెయ్యి సైకిళ్ల మధ్య ఎవడు తప్పించుకున్నాడో వెతికే నవల నాకింకా దొరకలేదు. మూడు షిఫ్టుల ఊళ్లో ఎవడు ఏ వేళ ఎక్కడున్నాడన్న ప్రశ్నకి ఎన్ని జవాబులుంటాయో ఒక్క రచయిత అయినా ఆలోచించాలని నా కోరిక.

ఈ మధ్య నన్ను బాగా కదిలించింది జపాన్ రచయిత కీగో హిగాషినో నవల, ఇంగ్లీషులో 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్'. జపాన్లో 2005లో వచ్చింది. టోక్యోలో చిన్న ఫ్లాట్లు. ఒక తల్లీ కూతురూ. పక్క ఫ్లాట్లో లెక్కల మాష్టారు. హత్య ఎవరు చేశారో రచయిత మొదట్లోనే చెప్పేస్తాడు, అయినా చివరిదాకా ఊపిరి బిగబట్టి చదువుతాం. గోడ అవతల చప్పుడు విన్న మనిషి, ఆ విన్నదాన్ని ఏం చేసుకున్నాడన్నదే కథంతా. సమీక్ష రాస్తున్నంతసేపూ నాకు కదమా క్వార్టరు గోడే కనబడింది. అమ్మ ఉండి ఉంటే చాకలిపద్దులో ఏ మాట రాసేదో నాకు తెలుసు.

బౌదికి ఇప్పుడు తొంభై దగ్గర పడ్డాయి. బెహాలాలో కొడుకు దగ్గర ఉంటోంది. చూపు ఆనదు. ప్రతి ఆదివారం పొద్దున్న నేను ఫోన్లో ఒక కొత్త నవల చెబుతాను, మా పాత కలగాపులగం భాషలోనే. ఎవరూ నిద్రపోకపోయినా నా గొంతు దానంతటదే తగ్గిపోతుంది. ఆఖరి అధ్యాయం ముందు ఆపేస్తాను. వారమంతా ఆలోచించుకుని ఆవిడ హంతకుడి పేరు చెబుతుంది, అప్పుడు మిగతాది చెబుతాను. పోయిన ఆదివారం చెప్పిన నవలలో హంతకుడు చివరి పేజీల్లో విదేశం నుంచి కొత్తగా వచ్చి దిగాడు. అంతా విని బౌది కాసేపు మాట్లాడలేదు. తర్వాత బెంగాలీ యాసలో గట్టిగా అంది, "మోశం."