వెన్నెముక కంటే ముందొచ్చిన తాడు

నాది ఎంపీసీ, జువాలజీ ఆమడ దూరం. నడుంనొప్పి పుణ్యమా అని నోటోకార్డ్ (పృష్ఠవంశం) గురించి చదివాను.

సముద్రపు రాళ్ళకి అతుక్కుని బతికే తిత్తిలాంటి అసిడియన్‌ని ఒకప్పుడు నత్తల ఖాతాలో వేసేవారు. 1866లో రష్యన్ శాస్త్రవేత్త కొవలెవ్‌స్కీ దాని పిల్లని పరీక్షగా చూస్తే ఏముంది, ఈదే తోకలో నోటోకార్డ్! (సియోనా అనే రకంలో సరిగ్గా 40 కణాలే.) పెద్దయ్యాక తోకతో పాటు అదీ మాయం. పెద్దదాన్ని మాత్రమే చూసినవాళ్ళకి మనతో చుట్టరికం ఎలా తెలుస్తుంది చెప్పండి? 1871లో డార్విన్ మనిషి పుట్టుక గురించి రాస్తూ దీన్ని ప్రస్తావించాడు.

మనలో అది పిండదశలో వెన్నెముకకి దారి చూపించి తప్పుకుంటుంది. మిగిలేది డిస్కుల మధ్యలోని మెత్తటి గుజ్జు. నాకు బయటికి తోసుకొచ్చిందని డాక్టరు చెప్పింది ఆ గుజ్జు గురించేనట!