భయానక రసమునకు తెర వెనుక శిల్పులు

భరతముని నాట్యశాస్త్రమున చెప్పిన ఎనిమిది రసములలో భయానకము ఒకటి. దానికి భయము స్థాయీభావము, నలుపు వర్ణము, కాలుడు అధిదేవత. శృంగారమును, కరుణను, హాస్యమును నటుడు తన కన్నులతోను కంఠముతోను చాలవరకు తానే పోషించుకొనగలడు. భయానకము అట్టిది కాదు. నటుడొక్కడు వచ్చి నిలిచి తాను పిశాచమునని చెప్పినంత మాత్రమున పసిబిడ్డయైనను జడియదు. దీపము తగ్గవలెను, గోడమీద నీడ పెరుగవలెను, ఎక్కడనో నక్క కూయవలెను, చూచుచుండగా మనిషి మాయము కావలెను. ఇవి యన్నియు వేరొకరు చేయవలసిన పనులు. ఆ వేరొకరు మనకు కనబడరాదు. కనబడినచో భయము పోయి నవ్వు వచ్చును. కావుననే రసములన్నింటిలో భయానకము తన శిల్పులను మిక్కిలి జాగ్రత్తగా దాచుకొన్నది.

ఆ శిల్పులను గూర్చి ఈ సంచికలో వ్రాయుటకు మాకొక కారణము కలదు. తెలుగు తెరమీద భయమును నిర్మించినవారిలో పెక్కురు మనవంటివారే. ఇంట ఒక భాష, పనిలో మరియొక భాష గలవారే. తెలుగు సీమకు వెలుపల స్థిరపడిన మనకు వారి చరిత్ర పరాయిది కాదు.

సినిమాకు ఎంతో ముందే మన పల్లెలలో తెరయు, దీపమును, నీడయు కలిసి భయమును పుట్టించుచుండెను. అది తోలుబొమ్మలాట. రావణుని బొమ్మను దీపమునకు దగ్గరగా తెచ్చిన కొలది తెరపై నీడ పెరుగును. ఆ సూక్ష్మము తెలిసిన బొమ్మలాటగాండ్రలో పలు కుటుంబములవారు ఇంట మరాఠీ మాండలికము మాట్లాడుచు, తెరచాటున తెలుగు పద్యములు పాడుచుండిరి. పిమ్మట సురభివారు వచ్చిరి. 1885లో కడప మండలములోని సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు కీచకవధ నాటకమును ప్రదర్శించుటతో ఆ సమాజము ఆరంభమైనది. వీరి పూర్వులును మహారాష్ట్రమునుండి వచ్చి తెలుగునాట స్థిరపడినవారే. మాయాబజారు, భక్తప్రహ్లాద వంటి నాటకములందు రంగస్థలముపై మంటలు, మెరుపులు, ఆకాశగమనములు చూపి సురభివారు పేరు గాంచిరి. వేషము వేసినవాడు తన ఘట్టము ముగియగానే తెర వెనుకకు పోయి త్రాడు లాగును. త్రాడు లాగినవాడు మరునాడు రాజవేషము ధరించును. నటుడును, సాంకేతికుడును ఒకే కుటుంబమున పెరిగిరి.

పూర్తిగా తెలుగున మాటలు పలికిన మొదటి చిత్రము భక్తప్రహ్లాద 1932లో విడుదలైనది. హెచ్. ఎం. రెడ్డిగారు దర్శకులు. దానిని తీసినది బొంబాయిలో. అందు వేషములు వేసినవారిలో సురభి కమలాబాయి మొదలగు సురభివారు ఉండిరి. స్తంభము బ్రద్దలై నృసింహుడు వెలువడు ఆ కథ, మన టాకీలకు భయానకము తొలినాడే తోడబుట్టినదని తెలుపుచున్నది. తెలుగు టాకీ తెలుగుదేశమునకు వెలుపల పుట్టినదను మాట మహారాష్ట్రమునందలి మన సోదరులు గర్వముతో చెప్పుకొనదగినది.

నాటకములో త్రాడు, మరతలుపు చేసిన పనిని సినిమాలో కెమెరాయే చేయసాగెను. ఆ విద్యకు ఆద్యులలో ప్రసిద్ధుడు ఫ్రాన్సు దేశీయుడైన జార్జి మెలియెస్. ఆయన వృత్తిచే ఐంద్రజాలికుడు. 1896లోనే దయ్యముల కోటను చూపు ఒక చిన్న చిత్రమును తీసెను. అందలి కీలకము మిక్కిలి సులభము. నటులు కదలక నిలువగా కెమెరాను ఆపుదురు. ఒకనిని ప్రక్కకు పంపి, అతడున్న చోట ఒక అస్థిపంజరమును నిలుపుదురు. మరల కెమెరాను నడుపుదురు. తెరపై చూచువానికి మనిషి క్షణములో ఎముకలగూడయ్యెను. చెప్పుటకు సులభమేగాని చేయుటకు కాదు. ఆ విరామమున కెమెరా వెంట్రుకవాసి కదిలినను, మిగిలిన నటులలో ఒకరు తల త్రిప్పినను, దీపపు వెలుగు మారినను మాయ బయటపడును. 

ఈ విద్యకు మన భాషలో మహావిద్యాలయము చెన్నపట్టణము. 1949లో మీర్జాపురం రాజావారు నిర్మించి దర్శకత్వము వహించిన కీలుగుఱ్ఱము వచ్చినది. రాజును మోహింపజేసి రాణియై, రాత్రివేళ ఏనుగులను గుఱ్ఱములను భక్షించు రాక్షసిగా అంజలీదేవి అందు నటించినది. ఆ చిత్రము తమిళమునకు మాయక్కుదిరై అను పేర అనువదింపబడినది. ఇంతలో వడపళనిలో వాహినీ స్టూడియో వెలసినది. అక్కడ 1951లో విజయావారి పాతాళభైరవి తయారైనది.

పాతాళభైరవిని భయానకచిత్రమని ఎవరును అనరు, అది జానపదము. కాని ఎస్. వి. రంగారావుగారి నేపాళ మాంత్రికుని చూచి తల్లి కొంగున ముఖము దాచుకొనని పిల్లలు ఆనాడు తక్కువ. గుహ, భైరవి విగ్రహము, నరబలి, చచ్చిన మాంత్రికుడు మరల లేచుట, ఇన్ని భీతులు అందు కలవు. మాంత్రికుని పేరు అందరికి తెలియును. ఆ మాంత్రికుని చేసినవారి పేర్లు ఎందరికి తెలియును? కె. వి. రెడ్డిగారు దర్శకులు, పింగళి నాగేంద్రరావుగారు రచయిత, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే అను ఆంగ్లో ఇండియను, కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్, మేకప్పు చేసినవారు టి. పి. భక్తవత్సలం, ఎం. పీతాంబరం, సంగీతము ఘంటసాలగారిది, కూర్పు సి. పి. జంబులింగం, ఎం. ఎస్. మణి. ఈ పేర్లను ఒకసారి బిగ్గరగా చదివినచో దక్షిణదేశమంతయు ఒక్క పంక్తిలో కూర్చున్నట్లు తోచును. ఈ బృందమే అదే సంవత్సరము తమిళ పాతాళభైరవిని కూడ మనకు ఇచ్చినది.

ఇట్టి చిత్రమునకు పని జరుగు తీరు ఒక్కసారి ఊహింతము. మొదట వడ్రంగి వచ్చును. కర్రచట్రము నిలిపి, దానిపై గోనెపట్టా పరచి, సున్నపు ముద్ద వంటి ప్లాస్టరు పూసి, ఆరిన పిమ్మట రంగువాడు నలుపు, బూడిదవన్నెలు అద్దగా గుహ యగును. చేతితో తట్టిన డొల్లగా మ్రోగును; కెమెరా కంటికి వేయి సంవత్సరముల రాయి. తరువాత మేకప్పుగది. నటుడు తెల్లవారకముందే కూర్చుండును. ఒక్కొక్క వెంట్రుకను జిగురుతో అతికి గడ్డమును, కనుబొమలను పెంచుదురు. కన్నుల చుట్టును, చెంపల గుంటలందును నలుపు దిద్దుదురు. సాయంకాలమునకు ఆ జిగురు చర్మమును పట్టుకొని యుండును. దానిని వదలించుటయు వారి పనియే. మరునాడు మరల అదే ముఖమును, అదే కొలతలతో, రవ్వంత తేడా లేక దిద్దవలెను. తేడా వచ్చినచో తెరపై ఒకే ఘట్టమున మాంత్రికునికి రెండు ముఖములుండును.

అటుపిమ్మట దీపములు. మంచివాని ముఖముపై వెలుగు పైనుండియో ప్రక్కనుండియో పడును. దుష్టునిపై క్రిందినుండి పడును. మనము నిత్యము సూర్యుని పైననే చూచుచుందుము గనుక క్రిందివెలుగు మనస్సును కలవరపెట్టును. స్టూడియో కప్పునకు దిగువ వ్రేలాడు పలకలపై, తల తిరుగు ఎత్తున, భగ్గుమను ఆర్కుదీపముల ప్రక్కన గంటలకొలది నిలిచి, ఛాయాగ్రాహకుని చేతిసైగతో వెలుగును అంగుళమంగుళము జరిపినవారు లైట్‌మెన్. వారి పేర్లు తెరపై పడలేదు.

చివరకు శబ్దము. వానలేని గదిలో వాన, గాలిలేని గదిలో గాలి, ఎవరును నడవని మెట్లపై అడుగుల చప్పుడు, ఇవి శబ్దగ్రాహకుని సొత్తులు. వానికంటె గొప్ప ఆయుధము మరియొకటి కలదు, అది నిశ్శబ్దము. కేక ఎప్పుడు వేయించవలెనో తెలిసినవాడు మంచివాడు. ఎప్పుడు ఏమియు వినిపించరాదో తెలిసినవాడు నేర్పరి.

1957లో వచ్చిన మాయాబజారులో ఈ పనితనము శిఖరమునందుకొన్నది. గోఖలే, కళాధరులు అరువది అడుగుల పొడవు, ఏబది అడుగుల వెడల్పు గల చోట ద్వారకానగరమును చిన్న ప్రమాణమున కట్టి, దాదాపు మూడువందల బుల్లి ఇండ్లలో దేనికి దానికి విద్యుద్దీపము పెట్టిరి. ఘటోత్కచుడు భీకరుడగుటయు, భోజనపదార్థములు వాని నోటికి తామే నడచుటయు నేటికిని చూచువారిని ఆశ్చర్యపరచుచున్నవి. 1961లో ఎన్. టి. రామారావుగారు దర్శకత్వము వహించిన సీతారామకళ్యాణమున రావణునికి పది తలలు చూపినవాడు ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్. తెరలో ఒక్క భాగమునకు మాత్రమే వెలుగు సోకునట్లు మిగిలినది మూసి, తీసి, ఫిల్మును వెనుకకు త్రిప్పి, మూసినది తెరచి, తెరచినది మూసి మరల మరల తీయుట ఆ విద్య. పదవతల యొద్ద తప్పు జరిగినచో మొదటి తొమ్మిది తలల శ్రమయు వ్యర్థము.

ఇక దయ్యములనే ప్రధానముగా పెట్టుకొని చిత్రములు తీసి సామాన్యజనులను ఆకట్టుకొన్నవారు బి. విఠలాచార్యగారు. వీరు 1920లో ఉడుపిలో జన్మించిరి. మొదట డి. శంకరసింగ్ గారితో కలిసి మహాత్మా పిక్చర్స్ పేర కన్నడచిత్రములు తీసి, పిదప చెన్నపట్టణము చేరి తెలుగువారి జానపదబ్రహ్మ యైరి. 1999లో కన్నుమూసిరి. కర్ణాటకమునందలి మన సోదరులు ఆయనను ఇరువైపులవారికిని చెందినవాడని చెప్పుట న్యాయమే. తక్కువ వ్యయముతో, ముందే వేసికొన్న లెక్కతో, గడువునకు చిత్రమును ముగించుట ఆయన పద్ధతి. నటుడు కాల్షీటు విషయమున మొండికెత్తినచో కథలో అతనిని శాపముచే చిలుకగానో ఎలుగుగానో మార్చి పని కానిచ్చెడివారని సినీలోకమున ఒక చమత్కారము వాడుకలో ఉండెను. 1978 నాటి జగన్మోహినిలో పొయ్యిలో కట్టెలకు మారుగా తన కాలినే పెట్టి వంటచేయు పిశాచమును చూచినవారు మరువలేదు. ఆలోచించినచో అందు ఖరీదైన యంత్రమేదియు లేదు. ఒక చేసిన కాలు, కొంత పొగ, కెమెరాను ఎక్కడ ఆపవలెనో తెలిసిన ఒక చేయి. ధనము తక్కువైనచోట చేతిపని ఎక్కువ కావలసివచ్చును.

1970వ దశకము మొదలుకొని తెలుగు చిత్రపరిశ్రమ మెల్లమెల్లగా హైదరాబాదునకు తరలినది. నిర్మాతలు పోయిరి, తారలు పోయిరి. తరలుట వారికి ఒక మేడ విడిచి మరియొక మేడకు పోవుట. మేకప్పుపెట్టె, రంపము, దీపము నమ్ముకొన్నవారికి అది అంత సులభము కాదు. పిల్లల చదువు తమిళమున సాగుచుండెను. అద్దె యిల్లు కోడంబాకములోనో సాలిగ్రామములోనో ఉండెను. కొందరు పోయిరి, కొందరు నిలిచిరి. నిలిచినవారు తమిళచిత్రములకు పనిచేసిరి. వాహినీ ఉండిన నేలలో కొంతభాగమున నేడు ఆసుపత్రియు, అంగళ్ల సముదాయమును ఉన్నవి.

అయినను ఆ విద్య నిలిచిపోలేదు. పైన చెప్పిన మేకప్పుకారుడు పీతాంబరంగారి కుమారుడు పి. వాసు దర్శకుడై, 2004లో కన్నడమున ఆప్తమిత్ర, 2005లో తమిళమున చంద్రముఖి తీసెను. మలయాళమున 1993లో వచ్చిన మణిచిత్రతాళు వానికి మూలము. తమిళ చంద్రముఖిలో ఆవేశించు నర్తకి తెలుగుది. తమిళదేశపు కోటలో బంధింపబడి, తెలుగులోనే మాట్లాడి, తెలుగు పాటకే ఆడును. తమిళనాటి ప్రేక్షకులు ఆ తెలుగుపాటను అర్థము తెలిసియు తెలియకయు పాడుకొనిరి. పాతాళభైరవి మాంత్రికుని దిద్దినవారిలో ఒకని యింట పుట్టినవాడే అర్ధశతాబ్ది పిమ్మట ఈ తెలుగు పిశాచమును తమిళతెరపై ఆడించెను. ఇది కథలో కల్పించినచో నమ్మశక్యము కానిదే, చరిత్రగనుక నమ్మవలసివచ్చినది.

ఇపుడు మా మనవి. తారల చరిత్రలు అచ్చులో ఉన్నవి. తెర వెనుకవారి చరిత్ర రెండే చోట్ల కలదు: చిత్రారంభమున పడు పేర్లపట్టికలోను, వారి ఇండ్లలోని ఇనుపపెట్టెలలోను. పట్టిక తెలుగు లిపిలో ఉన్నది. మన పిల్లలు మాయాబజారును చూచి కేరింతలు కొట్టుదురు. కాని ఆ పేర్లను చదువగలవారు నానాటికి తగ్గుచున్నారు. చదువురాని తరమునకు ఆ పట్టిక గీతలబొమ్మ. ఇనుపపెట్టెలలోని పాత ఛాయాచిత్రములు, స్టూడియో ప్రవేశపత్రములు, జీతపు చీటీలు ఇల్లు మారినప్పుడెల్ల కొన్ని పోవుచున్నవి.

మన సంఘములు పండుగలకు పాతచిత్రములను ప్రదర్శించుచునే యున్నవి. పేర్లు పడునపుడు దీపములార్పి సర్దుకొను అలవాటును మానుదము. పిల్లలలో ఒకరిని నిలిపి ఆ పట్టికను మొదటినుండి కడవరకు గట్టిగా చదివింతము. తాతయో, తండ్రియో స్టూడియోలో పనిచేసిన కుటుంబములు మనలో ఉన్నచో, వారు చేసిన పని ఏది, ఏ చిత్రమునకు, ఎవరితో, అను మూడు మాటలు వ్రాసి సంఘమునకు అందజేయవలెను. పట్టికకు ఎక్కని లైట్‌మెన్ పేర్లు, వడ్రంగుల పేర్లు లభించుటకు మరియొక మార్గము లేదు. ఆ పేర్లను చదువుటకు ఒక బిడ్డ తెలుగు అక్షరములు నేర్చినను మా శ్రమ ఫలించినట్లే.