తంతికి చెవులు

రేడియోలో పలికిన మాట ఎల్లరి కొరకు పలికినది. దానిని విన్నవాడు దోషి కాడు. టెలిఫోనులో పలికిన మాట అట్టిది కాదు. అది ఒక్కరి చెవికొరకే బయలుదేరును. గోడలకు చెవులుండునని మన పెద్దలు హెచ్చరించిరి. తంతికి చెవులు ఎట్లు వచ్చినవి, వానికి కట్టుబాటు ఎట్లు ఏర్పడినది అను చరిత్రను నేడు కొంత ముచ్చటింతము.

1885లో ఆంగ్ల ప్రభుత్వము తంతి చట్టమును చేసినది. ప్రజలకు ఆపద వాటిల్లినపుడు వార్తలను అడ్డగించు అధికారమును అందలి ఐదవ సెక్షను ప్రభుత్వమున కిచ్చినది. నాడు తీగయు ప్రభుత్వముదే, గుమాస్తాయు ప్రభుత్వమువాడే. కనుక ఎవరు ఎవరిని అడుగవలెనను ప్రశ్నయే పుట్టలేదు. అధికారము కలదు, దానిని వాడు పద్ధతి మాత్రము లేదు.

పౌరుని ఏకాంతమునకు మొదట గొంతు నిచ్చినవారిలో ఒక తెలుగువాడు కలడు. ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు 1962 డిసెంబరు 18న, ఖరక్ సింగు కేసులో, సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా తమ భిన్నాభిప్రాయమును వ్రాసిరి. ఏకాంతము వ్యక్తి స్వేచ్ఛలో భాగమే యని వారి మతము. నాడు అది మైనారిటీ తీర్పు. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా ఆ మార్గమునే ఆమోదించినది.

ఈ నడుమ, సరిగా ముప్పది నాలుగేండ్లకు, 1996 డిసెంబరు 18న టెలిఫోను సంభాషణలను వినుట విషయమై సుప్రీంకోర్టు మరియొక తీర్పు చెప్పినది. హోము కార్యదర్శి వ్రాతపూర్వక ఆదేశము కావలెను. అది రెండు నెలలకు మించి సాగరాదు. పొడిగించినను ఆరు నెలలు దాటరాదు. ఒక సంఘము దానిని సమీక్షింపవలెను. 1999లో ఇవి నియమములైనవి. ఆ నియమములు పాటింపబడలేదని 2006లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక ఆదేశమును చెల్లదనెను. 2023లో కొత్త టెలికాం చట్టము వచ్చినది. 2024 డిసెంబరులో దాని క్రింది నియమములు వెలువడి పాతవాని స్థానమును పొందినవి.

కాలము మారినది. నేడు తీగ ప్రభుత్వము చేతిలోనే లేదు. పటాన్‌చెరు ప్రక్కన కర్దనూర్ వంటి గ్రామములో, కార్ఖానాలకు పోవు కార్మికుల గదులకు ఇంటర్నెట్టు నిచ్చువాడు ఒక చిన్న వ్యాపారి కావచ్చును. అతడు ఒక్క జిల్లా పరిధికి లైసెన్సు పొందినవాడైనను, చట్టము అతనిని పెద్ద కంపెనీ వలెనే బంధించును. నిఘా సదుపాయమును తన ఖర్చుతో కల్పింపవలెను. వాడుక వివరములను రెండేండ్లు భద్రపరుపవలెను. ఈ గడువు 2021 డిసెంబరులో ఒక ఏడాదినుండి రెండైనది. ఇద్దరు బాధ్యులైన ఉద్యోగులను నోడల్ అధికారులుగా నియమింపవలెను. ఆదేశము చేరిన రెండు గంటలలో చేరినదని తెలుపవలెను; పదునైదు దినముల కొకసారి వచ్చిన ఆదేశముల పట్టికను పంపవలెను.

పెద్ద కంపెనీకి న్యాయవాదులుందురు. చిన్నవానికి ఎవరు? అతడు తన చందాదారుల నందరను పేరుతో ఎరుగును. ఠాణాలో ఉద్యోగియు అతనికి పరిచితుడే. "అన్నా, ఆ గదివాని సంగతి కొంచెము చూచి చెప్పు" అని అడిగిన కాదనుట సులభము కాదు. అచటనే చరిత్ర అతనికి తోడగును. మాటతో వచ్చిన కోరిక చాలదు, కాగితము కావలెను. ఆ కాగితము అతని వ్యాపారమును కాపాడును, పొరుగువాని ఏకాంతమును కాపాడును, నిజముగా నేరస్థుని వెదకు పోలీసు కేసునుగూడ కోర్టులో నిలుపును.

2024 మార్చిలో నిఘా రికార్డులను ధ్వంసము చేసిరను ఆరోపణపై హైదరాబాదులో కేసు నమోదైనపుడు, తమ మాటలను ఎవరు వినిరో యని పలువురు కలతపడిరి. ఆ కలతకు మందు రహస్యము కాదు, సక్రమముగా వ్రాసి ఉంచిన లెక్క. రాజధానిలో పెద్ద అధికారికి ఎంత అవసరమో, కర్దనూర్‌లో తీగ లాగువానికిని ఆ లెక్క అంతే అవసరము.