అష్టా, చెమ్మా, ఒక ఓపెన్ బగ్

పోయిన శివరాత్రికి పిల్లలు జాగారం చేస్తామని పట్టుబడితే వైకుంఠపాళి పటం పరిచాను. మా అమ్మాయికి పదేళ్ళు. రాత్రి పదకొండున్నరకి, ఇంకాస్తలో వైకుంఠం అనగా పెద్దపాము మింగింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ మింగింది. మూడోసారి మింగేసరికి పటం అవతలకి తోసేసి, "నాన్నా, ఇందులో నేను చేసిందేముంది? పందెం వెయ్యడం, అదెంత చెప్తే అంత నడవడం. నేను లేకపోయినా ఆట జరుగుతుంది కదా!" అని ఒకటే ఏడుపు.

నిజమే కదా! మన భాషలో చెప్పాలంటే వైకుంఠపాళిలో ఆటగాడు ర్యాండమ్ నంబర్ ఫంక్షన్‌ని పిలిచే ఒక లూప్, అంతే. ఇన్నేళ్ళుగా కోడు రాస్తున్నాను, నాకెప్పుడూ తట్టలేదు.

మా ఊరు ముదినేపల్లి పక్కన. (2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది గానీ, ఎవరైనా అడిగితే నా నోట్లోంచి "కృష్ణా జిల్లా" అనే వస్తుంది.) మా ఇంట్లో వైకుంఠపాళి బయటికొచ్చేది శివరాత్రికి, ముక్కోటికి మాత్రమే. మిగతా ఏడాదంతా అరుగు మీద సుద్దముక్కతో గీసిన అష్టా చెమ్మానే. ఆ రెండు ఆటలకీ తేడా ఏమిటో ఆ రాత్రి మా అమ్మాయి ఏడిస్తే గానీ నాకు అర్థం కాలేదు.

తెలియనివాళ్ళ కోసం (బెంగుళూరులో పుట్టి పెరిగిన మన పిల్లల కోసం అనుకోండి) రెండు ముక్కలు. అయిదు నిలువు, అయిదు అడ్డం, ఇరవయ్యయిదు గళ్ళు. నాలుగు గవ్వలు. గవ్వలు లేకపోతే నాలుగు చింతపిక్కలు, ఒకవైపు గచ్చుకేసి తెల్లగా అయ్యేదాకా అరగదీసినవి. తెల్లవైపు ఎన్ని పైకి పడితే అంత పందెం. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్టా, అంటే ఎనిమిది. ఈ రెండూ పడితే ఇంకో పందెం. కాయ దిగాలన్నా అష్టో చెమ్మో పడాల్సిందే.

ఒక్కో పిక్క అటూ ఇటూ సమానంగా పడుతుందనుకుంటే, పదహారు రకాలుగా పడొచ్చు. వాటిలో ఒకటి నాలుగుసార్లు, రెండు ఆరుసార్లు, మూడు నాలుగుసార్లు, చెమ్మా ఒక్కసారి, అష్టా ఒక్కసారి. స్టాటిస్టిక్స్ క్లాసులో సార్లు బోర్డు మీద గీసే గంట ఆకారం మా అరుగు మీద ఎప్పుడో ఉందన్నమాట. కాయ దిగే అవకాశం ఎనిమిదింట ఒకటి. "నీకింకా దిగలేదా" అని వెక్కిరించినవాళ్ళందరికీ ఈ లెక్క పంపించాలి :)

ఇదంతా పిక్కలు నిజాయితీగా ఉంటేనే. మా పెద్దమ్మగారి అబ్బాయి తన పిక్కలు తనే అరగదీసుకుని తెచ్చేవాడు. ఎంత అరగదీయాలో, ఏ కోణంలో అరగదీయాలో కనిపెట్టేశాడు. శకుని మాకు కొత్తేం కాదు.

లోపలి గళ్ళలోకి వెళ్ళాలంటే మా ఊళ్ళో ఇంకో రూలు ఉండేది. అవతలివాళ్ళ కాయ ఒక్కటైనా కొట్టి ఉండాలి. కొట్టకపోతే బయటి వరసలోనే చుట్టూ తిరుగుతుండాల్సిందే. కొట్టాలా, దాక్కోవాలా, ఏ కాయ నడపాలి, పందెం పడ్డాక ఆలోచించుకోవాల్సింది ఇదే. మా మామ్మ పక్కన కూర్చుని సాయం చెప్పేది కాదు. నేను పందెం బాలేదని ఏడిస్తే మాత్రం, "పందెం నీ చేతిలో లేదురా అబ్బాయ్, కాయ నీ చేతిలోనే ఉందిగా" అనేది. ఇరవై రెండేళ్ళకే భర్తని పోగొట్టుకుని, రెండెకరాల కౌలుతో ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. అది ఆట గురించే అంటోందనుకునేవాణ్ణి.

ఈ పందెం గొడవ మనకి చాలా పాతది. మొహెంజొదారోలో దొరికిన ఘనాకారపు పాచికల్లో ఒకటికి ఎదురుగా రెండు, మూడుకి ఎదురుగా నాలుగు, అయిదుకి ఎదురుగా ఆరు ఉండే రకం ఉంది. ఇప్పటి పాచికలో ఎదురెదురు ముఖాలు కలిపితే ఏడు. ఋగ్వేదం పదో మండలంలో జూదరి గోడు ఒక సూక్తమంతా ఉంది. వాళ్ళు ఆడింది తాండ్రకాయలతో, అదే త్రిఫల చూర్ణంలో వేసే తానికాయ.

నాకు బాగా నచ్చేది నలుడి కథ. మన నన్నయ అరణ్యపర్వంలో తెలుగు చేసిందే. ఋతుపర్ణుడు రథం మీద వెళ్తూ ఒక తాండ్రచెట్టుని చూసి, దానికెన్ని కాయలున్నాయో చెప్తాడు. నలుడు నమ్మక, రథం ఆపి లెక్కపెడితే సరిగ్గా సరిపోతుంది. అప్పుడు నలుడు తన అశ్వహృదయం ఇచ్చి అతని దగ్గర అక్షహృదయం, అంటే పాచికల గుట్టు నేర్చుకుంటాడు. జూదం నేర్పే మనిషే చెట్టు మీద కాయలు అంచనా కట్టడమేంటి? ఈ రెండు విద్యలకీ చుట్టరికం ఉందని ఆ కథ చెప్పినవాళ్ళకి తెలుసు. సంభావ్యత చరిత్ర రాసిన ఇయాన్ హ్యాకింగ్ కూడా 1975 నాటి తన పుస్తకంలో ఈ కథ దగ్గర ఆగాడు.

అదృష్టమెంత, నేర్పెంత అన్నది మన కోర్టుల దాకా కూడా వెళ్ళింది. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని మీద పెట్టిన కేసులో 1967 నవంబరులో సుప్రీంకోర్టు, రమ్మీ మూడుముక్కలాటలాంటిది కాదు, ప్రధానంగా నేర్పుతో ఆడేది అని తేల్చింది. 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చింది. (సంక్రాంతి బరుల దగ్గర గుండాట ఆగిందా అంటే, ఆ సంగతి మీకూ తెలుసు.)

సరిగ్గా అదే 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట తెచ్చారు. మొదట వేసింది వెయ్యి పెట్టెలు. ఆఫీసులో శుక్రవారం సాయంత్రాలు కుర్రాళ్ళు ఆడుతుంటారే, అదే. అందులో ముందు మనిషిని తయారు చేసుకోవాలి. బలం, తెలివి, చురుకు లాంటి ఆరు గుణాలకి ఒక్కోదానికి మూడు పాచికలు వేస్తారు. పది, పదకొండు ఎక్కువ పడతాయి, పద్దెనిమిది 216లో ఒక్కసారి. మళ్ళీ అదే గంట. పుట్టుకే పందెం అన్నమాట! తర్వాత 1979 నాటి రూల్సులో, నాలుగు పాచికలేసి తక్కువ పడ్డది తీసెయ్యండి అనే పద్ధతి కూడా పెట్టారు. విధి దగ్గర బేరం ఆడటం అంటే ఇదే.

నా మనసు దోచింది మాత్రం దీనికి తమ్ముడైన టూన్. 1984లో గ్రెగ్ కోస్టికియన్, వారెన్ స్పెక్టర్ చేసిన సరదా ఆట, కార్టూన్ బొమ్మల లోకం. నాలుగే గుణాలు: కండ, చురుకు, బుర్ర, మొండిధైర్యం. రెండు పాచికలేసి, మీ అంకె కన్నా మించకుండా పడితే పని అయినట్టే. అన్నిటికన్నా గొప్ప రూలు, ఎవరూ చావరు. దెబ్బలన్నీ అయిపోతే పడిపోతారు, మూడు నిమిషాలు పక్కన కూర్చుని మళ్ళీ వచ్చేస్తారు. కొండ అంచు దాటి గాల్లో నడుస్తుంటే, కింద నేల లేదని గ్రహించేంత బుర్ర లేనివాడు పడడు కూడా. (ఇలాంటి ప్రాజెక్ట్ మేనేజర్లు అందరికీ తెలుసు.)

సరే, మా అమ్మాయికి సమాధానం బాకీ ఉన్నాను కదా. తర్వాతి ఆదివారం టూన్ గుణాలు నాలుగూ తీసుకుని, పాచికల బదులు చింతపిక్కలతో ఒక ఆట కట్టాను. ఒక్కో గుణానికి ఒక్కో పందెం. సగటు సరిగ్గా రెండున్నర వస్తుంది. నాలుగు పందేల్లో ఒక్క అష్టా అయినా పడే అవకాశం దాదాపు నూటికి ఇరవై మూడు, అంటే నలుగురు పిల్లలు ఆడితే ఒకడికి ఏదో ఒక విద్యలో ఎనిమిది. మా అమ్మాయి కొల్లేటి గూడబాతు అయింది, బుర్ర ఒకటి, మొండిధైర్యం నాలుగు. పక్కింటి కుర్రాడు గుడివాడ బస్సు కండక్టరు.

పని అవ్వాలంటే గుణం కన్నా మించకుండా పందెం పడాలన్నాను. మొదటి గంటలోనే గొడవ. అష్టా పడితే ఓడిపోవడమేంటని పిల్లలంతా నా మీద పడ్డారు. న్యాయమే, వాళ్ళ రక్తంలోనే ఉంది. సరే, అష్టా పడితే ఎవరికైనా పని అవుతుంది, కానీ ఊహించని తమాషా ఒకటి కూడా జరుగుతుంది అని మార్చాను. అలా మారిస్తే నాలుగున్నవాడు ఎప్పటికీ ఓడడు. అందుకని చెమ్మా పడితే ఎంతటివాడైనా జారి పడాలన్నాను.

గూడబాతు ఆ సాయంత్రం ఏడుసార్లు జారి పడింది, ఒక్కసారి కూడా ఏడవలేదు. పడుకునే ముందు మాత్రం కాగితం తెచ్చి చూపించింది. "నాన్నా, నీ కొత్త రూలుతో మూడున్నవాడికీ, నాలుగున్నవాడికీ, ఎనిమిదున్నవాడికీ అందరికీ పదహారులో పదిహేనే గదా. మరి నా నాలుగెందుకు?"

లెక్క సరిచూశాను. దాని మాటే రైటు. ఆ బగ్ ఇంకా ఓపెన్‌లోనే ఉంది. మీకేమైనా తడితే చెప్పండి.