నల్లరేగడి కింద చెరువు

నీళ్ళ చరిత్ర అనగానే మనకి ఆనకట్టలూ, వాటిని కట్టిన ఇంజనీర్లే గుర్తొస్తారు. ఆదోని, ఎమ్మిగనూరు వైపు తరతరాలుగా జనానికి తిండి పెట్టిన నీళ్ళు మాత్రం ఎక్కువభాగం ఏ కాలవలోనూ పారలేదు. మట్టిలోకి దిగాయి, అక్కడే ఆగాయి, పైరు తాగింది. శిలాఫలకం పెట్టడానికి చోటే లేదు :)

అక్కడి ఎర్రనేలల్లో నీళ్ళు తొందరగా దిగి, తొందరగానే చేజారిపోతాయి. రేగడి అలా కాదు. ఎండాకాలంలో నెర్రెలు విచ్చుతుంది. తొలి వానలు ఆ నెర్రెల్లోంచి నేరుగా లోతుకి పోతాయి. తడిసిన బంకమట్టి ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక గంటకి కొద్ది మిల్లీమీటర్లు దిగితే గొప్పే. కానీ దిగిన నీరు నెలల తరబడి ఉంటుంది. అందుకే రైతు వానాకాలమంతా చేను ఖాళీగా ఉంచేవాడు. గుంటక తోలి కలుపు కోసి, నెర్రెలు పూడ్చి, వానలు వెనకబట్టాక జొన్నో శనగో గొర్రుతో విత్తేవాడు. ఆ తర్వాత చినుకు పడకపోయినా ఎంతో కొంత చేతికొచ్చేది. బయటినుంచి చూసేవాడికి అది బీడు పెట్టిన పొలం!

ఈ సంగతి పట్టకపోతే ఏమవుతుందో ఇదే జిల్లాలో, కర్నూలు నుంచి కడపకి వెళ్ళే కాలవ చెప్తుంది. 1858లో లండన్‌లో పుట్టిన మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించిందది. తీరా నీళ్ళొచ్చాక రేగడి రైతులు పెద్దగా తీసుకోలేదు. మామూలు ఏడాదిలో డబ్బు కట్టి, తడి పట్టుకునే నేలకి మళ్ళీ నీళ్ళు పెట్టడం దేనికి? కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి, 1882లో ప్రభుత్వమే కొనేసింది. యూజర్‌ని అడక్కుండా కట్టిన ప్రాజెక్టన్నమాట.

అలాగని రైతు పద్ధతి అన్నిటికీ మందు కాదు. వానే రాకపోతే మట్టిలో దాచడానికేముంటుంది? 1876-78 ధాత కరువు ఈ ప్రాంతాన్ని ఊడ్చేసింది.

ఆదోని 1953 దాకా బళ్ళారి జిల్లాలోదే. ఆ జిల్లాలోని హగరిలో 1930లలో మెట్టసేద్యం మీద ప్రభుత్వ పరిశోధన జరిగింది. అమెరికాలో రిచర్డ్స్ మట్టిలో నీటి కదలికకి సమీకరణం రాసింది 1931లో. నీరు ఎటు పోవాలో పల్లం ఒక్కటే తేల్చదు, పొడిమట్టి లాగే బలం కూడా తేలుస్తుందని దాని సారం. తర్వాత రేగడి చేలల్లో వేసిన సమతల గట్లు చాలాచోట్ల నీళ్ళు నిలిచి తెగిపోయాయి.

మీటరు లోతు రేగడి పైరుకి అందేలా 150 మిల్లీమీటర్లు దాస్తుందనుకోండి. ఎకరాకి ఆరు లక్షల లీటర్లు, అంటే పదివేల లీటర్ల ట్యాంకర్లు అరవై. ఏ టీఎంసీల పంపకంలోనూ ఈ లెక్క కనబడదు.