రూపదర్శకుని నుండి మణి దాకా

'రూప్యము' అనగా ముద్ర వేయబడిన రూపము గలది అని అర్థం. పాణిని ఈ మాట కోసం ప్రత్యేకంగా ఒక సూత్రమే చెప్పాడు. మన రూపాయికి మూలం ఇదే. డబ్బును గుర్తించడమంటే దాని రూపాన్ని చదవడమేనని ఆ పేరే చెబుతున్నది. ఆ చదువు ఎవరికి అందుతున్నది, ఎవరికి అందకుండా పోతున్నది అన్నదే ఈ టపాలో నా విచారం.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో నాణెములను పరీక్షించే ఉద్యోగికి రూపదర్శకుడని పేరు. తరువాతి కాలంలో ఆ పని షరాబులది. వారు నాణేన్ని మ్రోగించి విని, తూచి, గీటురాతిపై గీసి మంచిచెడ్డలు తేల్చేవారు. ఆ పరీక్షలో కంటితో పాటు చెవికీ, చేతికీ పాలుండేది. 1861 నాటి చట్టంతో కాగితపు నోట్లు జారీచేసే హక్కు ప్రభుత్వానికే దక్కింది. కాగితం మ్రోగదు, తూకానికి అందదు. చూపున్నవారికి చిక్కు లేదు. మరి చూపు లేనివారో?

వారికి కొలతే ఆధారమైంది. 1996లో మొదలైన మహాత్మాగాంధీ శ్రేణిలో 50 రూపాయల నోటు పొడవు 147 మిల్లీమీటర్లు, 100ది 157, 500ది 167. మెట్టుకొక సెంటీమీటరు. పైగా నూటికి త్రికోణం, ఐదువందలకు వృత్తం ఉబ్బెత్తుగా అచ్చయ్యేవి. నా వద్ద చదువుకున్న ఒక అంధ విద్యార్థి నోటును వ్రేళ్లతో కొలిచి తడుముకోకుండా విలువ చెప్పేవాడు. "ఉబ్బు అరిగిపోతుంది మాష్టారూ, పొడవు అరగదు కదా" అనేవాడు.

2016 నవంబరు 8న పెద్దనోట్ల రద్దు ప్రకటించిన పిమ్మట కొత్త శ్రేణి వచ్చింది. అందులో 100 పొడవు 142, 200ది 146, 500ది 150 మిల్లీమీటర్లు. వెడల్పు మూడింటికీ 66. సెంటీమీటరు మెట్టు నాలుగు మిల్లీమీటర్లకు కుదించుకుపోయింది. పాత యాభైకి, కొత్త రెండువందలకు పొడవులో తేడా ఒక్క మిల్లీమీటరే!

2020 జనవరి 1న రిజర్వు బ్యాంకు 'మణి' అనే మొబైల్ యాప్‌ను విడుదల చేసింది. ఇటువంటి సాధనాలు కెమెరా పట్టిన చిత్రంలోని రంగులను, గీతలను, అంకెలను తమకు ముందే నేర్పిన నోట్ల లక్షణాలతో పోల్చి విలువ తేలుస్తాయి. మణి మడిచిన నోటునూ గుర్తిస్తుంది, అంతర్జాలం లేకున్నా పనిచేస్తుంది, విలువను పైకి పలుకుతుంది. అయితే నోటు అసలుదో నకిలీదో చెప్పదు. అంటే రూపదర్శకుని విద్యలో దానికి అబ్బినది సగమే.

ఈ సాధనాన్ని నేను మెచ్చుకుంటాను. కానీ రైలులో పల్లీలు అమ్ముకునే అంధుడు ఒక చేత బుట్ట, ఒక చేత నోటు పట్టుకొని, ఫోను ఏ చేత పట్టాలి? అసలు ఫోనే లేకపోతే? కంటికి బదులు యంత్రాన్ని ఇవ్వడం మంచిదే, అందుకు మూల్యంగా వ్రేళ్ల చదువును తీసుకోవడం న్యాయం కాదు. రాబోయే నోట్లను రూపొందించే పెద్దలు ఆ సెంటీమీటరును తిరిగి ఇస్తే చాలు.